రితియెన్ సంతకం

"మార్కెటింగ్‌లో మీ అనుభవం?" అని అడిగాడు యోరాన్.

ఈ ప్రశ్న చెన్సుకు కొత్త కాదు. మాల్టా దీవిలోని స్లీమాలో సముద్రం ఒడ్డునున్న అద్దాల మేడల్లో సగానికి పైగా ఎక్కి దిగాడు. ఆన్‌లైన్ క్యాసినో కంపెనీల్లో ఇది ఏడో ఇంటర్వ్యూ. ఆరుచోట్ల ఏవేవో కోర్సుల పేర్లు చెప్పి బోర్లా పడ్డాడు గనక, ఈసారి ఏమైతే అయిందని నిజం చెప్పేశాడు.

"మా ఊరు సిజ్జీవిలో బ్యాండ్ క్లబ్బు హాల్లో టోంబ్లా ఆడిస్తానండి. సంచిలోంచి అంకె తీసి గట్టిగా అరుస్తా. కార్డులో ఆ అంకె ఉన్నవాళ్ళు కొట్టేసుకుంటారు. ఏడేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం అదే పని."

యోరాన్ స్వీడన్ నుంచి వచ్చి ఇక్కడ మార్కెటింగ్ హెడ్ అయ్యాడు. తొమ్మిదేళ్ళుగా మాల్టాలో ఉంటున్నా టోంబ్లా హాలు గుమ్మం తొక్కిన పాపాన పోలేదు. "అది మార్కెటింగ్ ఎలా అవుతుంది?" అన్నాడు.

"నేను మొదలుపెట్టిన కొత్తలో పదకొండు మంది వచ్చేవారండి. ఇప్పుడు నూట నలభై. ఎవరైనా రెండు వారాలు రాకపోతే ఊరుకోను. రొట్టెల బండి వచ్చినప్పుడు ఆడవాళ్ళు బాల్కనీలోంచి బుట్ట దించుతారు కదా, ఆ బుట్టలో రొట్టె పక్కన ఒక టోంబ్లా కార్డు పెడతా. వెనకాల రెండు ముక్కలు రాస్తా. బుట్ట పైకి పోతుంది. ఆదివారానికి మనిషి కిందికి దిగుతుంది."

"ఏం రాస్తావ్?"

"మనిషిని బట్టి. మోకాళ్ళ నొప్పులావిడకైతే 'మీ కుర్చీ గుమ్మం దగ్గరే వేయించా' అని. మొగుడితో పోట్లాడి మూతి ముడుచుకుని కూచున్నావిడకైతే 'ఆయన ఈ వారం రావట్లేదు, మీరు రండి' అని."

యోరాన్ కుర్చీలో ముందుకు జరిగాడు. ఇంతసేపూ గడియారం చూస్తున్నవాడల్లా ఇప్పుడు చెన్సును చూడటం మొదలుపెట్టాడు. "రితియెన్, నువ్వేమైనా అడుగుతావా?" అన్నాడు పక్కకి తిరిగి.

బల్ల చివర ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఆటగాళ్ళ రక్షణ విభాగమట. ఆ కంపెనీలో మార్కెటింగ్‌లోకి ఎవరిని తీసుకోవాలన్నా ఆ విభాగం సంతకం ఉండి తీరాలి. మన చెన్సు కళ్ళు గదిలోకి వచ్చినప్పటి నుంచి అటే పోతున్నాయి, వాడు లాక్కొస్తున్నాడు, అవి మళ్ళీ పోతున్నాయి. ఆమె మాత్రం తలెత్తితే ఒట్టు. ఇప్పుడెత్తింది.

"ఎవరైనా బుట్ట దించడమే మానేశారా ఎప్పుడైనా?"

"ఒక్కరేనండి. జూజా మామ్మ. మొన్న ఈస్టరు ముందు తపస్సు కాలంలో. బుట్ట దించలేదు, పిలిస్తే పలకలేదు. నేను వదుల్తానా? 'నువ్వు లేక హాలు బోసిపోయింది మామ్మా' అని రాసి, కార్డు తలుపు కింద సందులోంచి తోసేశా. మూడో ఆదివారానికి పరిగెత్తుకొచ్చింది."

యోరాన్ బల్ల చరిచి నవ్వాడు. రితియెన్ నవ్వలేదు.

"తలుపు ఎందుకేసుకుంది?"

"అదీ... అడగలేదండి."

"ఏళ్ళుగా తెలిసిన మనిషి తలుపేసుకుంటే, ఎందుకమ్మా అని అడగలేదు. సందు ఎక్కడుందా అని వెతికారు."

ఆమె గొంతు పెంచలేదు. కోపంగా కూడా అనలేదు. అందుకే చెన్సు చెవులు ఎర్రబడ్డాయి. ఏదో ఒకటి గట్టిగా అనాలనుకున్నాడు.

యోరాన్ మధ్యలో పడి ఒక కాగితాల కట్ట అందించాడు. "ఇందులో నలభై మంది ఉన్నారు. మా దగ్గర ఆడి, మానేసినవాళ్ళు. పేర్లు మార్చాం, మిగతాదంతా నిజమే. వీళ్ళను వెనక్కి రప్పించే ఉత్తరాలు రాసి బుధవారం తీసుకురా. ఇంకొకతను కూడా రాస్తున్నాడు. ఎవరివి బాగుంటే వాళ్ళకి ఉద్యోగం. రితియెన్ సంతకం పెడితేనే అనుకో."

లిఫ్టు దాకా దిగబెట్టడానికి ఆమే వచ్చింది. దారిలో గోడంత తెర ఒకటి ఉంది. నల్లటి తెర మీద యూరప్ పటం, దాని నిండా సన్నటి తెల్లని చుక్కలు. కొన్ని వెలుగుతున్నాయి, కొన్ని ఆరుతున్నాయి. చెన్సు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఇవేంటండీ?"

"మనుషులు. ఈ నిమిషాన మా ఆటలు ఆడుతున్నవాళ్ళు. ఒక్కో చుక్క ఒక్కరు."

"ఎంతమంది?"

"ఇరవై వేల పైచిలుకు. సాయంత్రానికి ఇంకా పెరుగుతారు."

చెన్సు నోరెళ్ళబెట్టాడు. వాడి హాల్లో ఎవరు ఏ కుర్చీలో కూర్చుంటారో, ఎవరికి చెవుడో, ఎవరు అంకె కొట్టేయబోయి పక్కావిడ కార్డు మీద కొట్టేస్తారో వాడికి తెలుసు. ఇక్కడ ఇరవై వేల మంది ఒక గోడ మీద పట్టారు. చప్పుడు లేదు, మొహం లేదు. గుళ్ళో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వీళ్ళలో ఒక్కరైనా ఎవరో తెలుసా మీకు?" అన్నాడు చిన్నగా.

"కొందరి గొంతులు తెలుసు."

అంతలో ఉత్తరాన ఎక్కడో ఒక చుక్క ఎర్రబడింది. ఆమె "ఒక్క నిమిషం" అంటూనే పక్కనున్న అద్దాల గదిలోకి వెళ్ళి ఫోను పట్టుకుంది. ఒక్క నిమిషం కాస్తా పావుగంట అయింది. ఆ పావుగంటలో ఆమె పది మాటలు కూడా మాట్లాడి ఉండదు. తల వంచుకుని, రెండో చెవి మీద చేయి పెట్టుకుని, వింటూ కూర్చుంది. ఒక మనిషి ఇంకో మనిషి మాట అంతగా వినగలడని చెన్సుకు అంతవరకు తెలియదు. కాసేపటికి తెర మీద ఎర్ర చుక్క ఆరిపోయింది. ఆమె మొహం తుడుచుకుంది. చెన్సు బటను నొక్కకుండానే లిఫ్టు ముందు నిలబడి ఉన్నాడు.

* * *

బయట వాన. వేసవంతా మొహం చాటేసి అక్టోబరులో తొలిసారి వచ్చింది, వస్తూనే విరుచుకుపడింది. వలెట్టా బస్సు కోసం చెన్సు ముప్పావుగంట నిలబడ్డాక, బస్టాపులోకి గాలికి తిరగబడ్డ గొడుగొకటి పరిగెత్తుకొచ్చింది. గొడుగు కింద రితియెన్.

"మీరింకా వెళ్ళలేదా?"

"బస్సు కూడా తలుపేసుకుని కూచున్నట్టుందండి. ఎందుకో అడుగుదామంటే ఎదురు పడట్లేదు."

ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. అది చూసి చెన్సుకు వానలో కూడా వెచ్చగా అనిపించింది. ఇద్దరూ వలెట్టాలోనే బస్సు మారాలి. ఆమెది సిజ్జీవికి ఎప్పుడూ పోటీ పడే పక్క ఊరు జెబ్బూజ్ అని తెలిసి, "అందుకే ఆ పొగరు" అనుకున్నాడు గానీ పైకి అనలేదు.

బస్సు ఇమ్సీదా కూడలి దాకా వచ్చి ఆగిపోయింది. వాన పడితే అక్కడ చెరువు కావడం మామూలే. డ్రైవరు ఇంజను ఆపేసి, "ఇక ఆ దేవమాతే చూసుకోవాలి" అని కాళ్ళు చాపుకున్నాడు. చెన్సు బస్టాపు దగ్గర కొన్న పొట్లం విప్పాడు. కజ్జికాయల్లాంటి పస్తిజ్జిల ఘుమఘుమకి ముందు సీటు ముసలాయన కూడా వెనక్కి తిరిగాడు.

"బఠాణీదా, జున్నుదా?"

"ఇది లంచమా?" అంది రితియెన్.

"పోనీ, మీరు తినకండి. నేను తింటా, మీరు చూడండి."

"జున్నుది ఇవ్వండి."

పొరలు పొరలుగా రాలుతున్న పస్తిజ్జిని చేయి అడ్డం పెట్టుకుని తింటుంటే, ఇంటర్వ్యూలో కనిపించిన మనిషి ఈమేనా అనిపించింది వాడికి.

"నన్ను అందరి ముందూ కడిగేశారు ఇందాక."

"కడగలేదు. అడిగాను."

"సంతకం పెట్టరన్నమాట."

"జున్ను బాగుంది. ఆలోచిస్తా."

చెన్సు ఉండబట్టలేక అడిగాడు. "ఆ ఫోను... ఎవరండీ?"

"పేరు చెప్పకూడదు. ఒకాయన. పొద్దుట్నుంచీ ఆట మీంచి లేవలేదు. భోంచేశారా అని అడిగా. ఏడ్చేశాడు."

"మీరేం చెప్పారు?"

"ఏమీ చెప్పలేదు. ఆయనే చెప్పాడు, ఆరు నెలలు నన్ను లోపలికి రానివ్వకండి అని. ఆయన ఖాతా మూసేశా. ఇక ఆరు నెలలూ ఆయన వచ్చి బతిమాలినా తీయం."

"బతిమాలతారా?"

"బూతులు తిడతారు. ఆ తర్వాత కొందరు మళ్ళీ ఫోను చేసి ఏడుస్తారు, తీయనందుకు మంచి పని చేశావమ్మా అని. రెండూ నేనే వినాలి."

చెన్సు తినడం ఆపేశాడు. నన్ను బయటే ఉంచండి అని తనంతట తాను అడిగే మనిషి ఒకడుంటాడని, ఆ ఒక్క మాటకి కాపలా కూర్చుని తిట్లు తినే మనిషి ఇంకొకరుంటారని వాడి బుర్రకు ఎప్పుడూ తట్టలేదు. పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్ళో పస్తిజ్జి పొట్టు రాలి ఉంది, చెప్పులు తడిసి ముద్దయ్యాయి. ఆ అమ్మాయిని చూస్తుంటే వాడికి ఒళ్ళు గగుర్పొడిచింది.

"మరి ఇక్కడే ఎందుకు పని చేస్తారు? ఆ పని ఏ ఆసుపత్రిలోనో..."

"మనుషులు ఉన్నది ఇక్కడ కదా. మీ మార్కెటింగ్ వాళ్ళంతా తలుపులు తీయడానికున్నారు. వేయడానికి ఒకరుండొద్దూ?" అని చేతులు దులుపుకుంది. "మీ జూజా మామ్మ తలుపు సంగతి కనుక్కోండి. ఆ తర్వాత రాయండి ఉత్తరాలు."

"కనుక్కుంటా. మీరు ఆదివారం మా హాలుకొచ్చి చూడండి, నేనంత రాక్షసుణ్ణి కాదని."

"వస్తానని చెప్పను," అంది. రానని కూడా చెప్పలేదు.

* * *

శనివారం పొద్దున్నే జూజా మామ్మ ఇంటికి వెళ్ళాడు. ఈసారి తలుపు కొట్టాడు.

"ఏరా, కార్డులు ఇంటికే తెచ్చి అమ్ముతున్నావా?" అంటూ తలుపు తీసింది.

"లేదు మామ్మా. ఒకటి అడగాలి. తపస్సు కాలంలో తలుపెందుకేసుకున్నావు?"

మామ్మ మొహంలో నవ్వు ఎగిరిపోయింది. కుర్చీ చూపించింది. గాజు గ్లాసులో టీ పోసి వాడి ముందు పెట్టింది.

"మనవరాలికి చెవి ఆపరేషను. పుట్టినప్పటి నుంచి వినపడదు దానికి, నీకు తెలుసుగా. వ్యాకుల మాతకు మొక్కుకున్నా. దానికి వినపడితే ఈ జన్మలో టోంబ్లా కార్డు ముట్టనమ్మా అని. నేను ఇవ్వగలిగింది ఇంకేముంది? నాకున్న సరదా అదొక్కటే."

"వినపడుతోందిగా ఇప్పుడు. మొన్న వీధిలో పిలిస్తే తిరిగి చూసింది."

"వినపడుతోంది. మొదటిసారి నా గొంతు విని జడుసుకుంది, పిచ్చి ముండ." మామ్మ నవ్వబోయింది, కుదరలేదు. "ఆ వారమే నీ కార్డు తలుపు కింద నుంచి వచ్చింది. హాలు బోసిపోయిందని రాశావు. రెండు వారాలు దాచా. మూడో వారం ఆగలేకపోయా."

చెన్సు చేతిలో గ్లాసు కాలుతున్నా తెలియలేదు. నలుగురిలో గొప్పగా చెప్పుకుని, యోరాన్‌ను నవ్వించిన ఘనకార్యం ఇదన్నమాట.

"ఈ ఏడు మాత ఊరేగింపుకి వెళ్ళలేదు నేను. నలభై ఏళ్ళుగా చెప్పుల్లేకుండా నడిచినదాన్ని. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"తప్పు నాది మామ్మా."

"నీది కాదు, నీ రాత బాగుంది, అంతే." వాడి చేయి పట్టుకుంది. "నాకొక పని చెయ్యి. ఆదివారం మూడయ్యేసరికి నా కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి. నేనొచ్చి అడిగినా కార్డు ఇవ్వకు. తిట్టినా ఇవ్వకు. ఎందుకివ్వట్లేదో మాత్రం ఎవరికీ చెప్పకు. ఊరంతా తెలిస్తే నేను బతకలేను."

ఒట్టేసి చెప్పాడు. వేసేటప్పుడు తేలిగ్గానే ఉంది.

* * *

ఆదివారం హాలు కిటకిటలాడుతోంది. చెన్సు సంచి పక్కన పెట్టుకుని కార్డులు ఇస్తున్నాడు. వెనక గోడ దగ్గర రితియెన్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమెను చూసి వాడు ఒకావిడకి అడిగినదానికి రెట్టింపు కార్డులు ఇచ్చేశాడు, మళ్ళీ వెనక్కి లాక్కుని తిట్లు తిన్నాడు.

వరసలో తర్వాతి మనిషి జూజా మామ్మ. పూల జాకెట్టు వేసుకుంది, తల నున్నగా దువ్వుకుంది.

"ఆరు కార్డులివ్వు చెన్సూ."

చెన్సు కట్ట మీద చేయి పెట్టాడు. "ఇవ్వను మామ్మా."

"ఏంటీ?"

"ఇవ్వను."

వెనకాల ఆడవాళ్ళు గొడవ మొదలెట్టారు. "ఇచ్చెయ్యవయ్యా, మూడు దాటింది." "ముసల్దాన్ని పట్టుకుని ఆటలేంట్రా నీకు." క్లబ్బు ప్రెసిడెంటు పావ్లు కుర్చీలోంచి లేచాడు. మామ్మ కళ్ళు చెన్సును గుచ్చుతున్నాయి. ఆ కళ్ళలో బతిమాలడం ఉంది, కోపం ఉంది. నిన్నటి మాట వాటిలో ఎక్కడా లేదు.

"నీ ముక్కు తుడిచిన చెయ్యిరా ఇది. దీనికి కార్డివ్వవా? ఏం చేశాను నీకు? వీళ్ళందరి ముందూ చెప్పు."

చెప్తే ఒక్క మాటలో తేలిపోతుంది. చెన్సు చెప్పలేదు. నూట నలభై మంది వాణ్ణి దుర్మార్గుడి కింద లెక్కేసుకుంటున్నారు, గోడ దగ్గర నిలబడ్డ ఆ ఒక్కర్తీ ఏమనుకుంటోందో చూసే ధైర్యం వాడికి లేదు.

"ఏంట్రా ఇది, ఇస్తావా ఇవ్వవా?" అన్నాడు పావ్లు.

చెన్సు సంచి తీసి పావ్లు చేతిలో పెట్టాడు. "ఈరోజు మీరు అరవండి పావ్లు మామా." బల్ల చుట్టూ తిరిగి వచ్చి జూజా మామ్మ ముందు మోచేయి చాపాడు. "పద మామ్మా. నీకు కార్డు లేకపోతే నాకు ఆట లేదు."

ఏడేళ్ళలో ఒక్క ఆదివారం కూడా, జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా సంచి వదలని మనిషి వాడు. కార్డుల కోసం చాపిన చేతులు చాపినట్టే ఉండిపోయాయి. వాళ్ళిద్దరూ నడుస్తుంటే జనం ఊరేగింపుకి దారిచ్చినట్టు కుర్చీలు జరిపారు. ఎందుకు జరుపుతున్నారో వాళ్ళకే తెలియదు.

వీధి మొదట్లో మామ్మ తిట్టింది. వీధి మధ్యలో తిట్లు ఆగిపోయాయి. ఇంటి గుమ్మం దగ్గరికొచ్చేసరికి చెన్సు మోచేతిని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"రేపు మాత దగ్గరికి వెళ్తా," అంది. "చెప్పుకోవాల్సింది చాలా ఉంది." వాడి తల వంచి నుదుటి మీద ముద్దుపెట్టి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు ముందు చెన్సు కాసేపు ఊరికే నిలబడ్డాడు. ఒక కార్డు ఇవ్వకపోవడానికి ఇంత బరువుంటుందని, ఇంత హాయి కూడా ఉంటుందని వాడికెవరూ చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి క్లబ్బు మెట్ల మీద రితియెన్ కూర్చుని ఉంది.

"మీ పావ్లు మామ ఇందాక తొంభై మూడు అని అరిచాడు. టోంబ్లాలో తొంభైకి మించి అంకె లేదట కదా. లోపల యుద్ధం జరుగుతోంది."

చెన్సు ఆమె పక్కన కూలబడ్డాడు. నవ్వే ఓపిక కూడా లేదు.

"ఆవిడ తలుపెందుకేసుకుందో కనుక్కున్నావా?" అంది. ఎప్పుడు 'మీరు' మానేసిందో ఆమెకు కూడా తెలిసినట్టు లేదు.

"కనుక్కున్నా."

"ఎందుకట?"

"చెప్పను."

"నాకు కూడానా? నా సంతకం కావాలి నీకు, గుర్తుందా?"

"సంతకం కావాలి. కానీ ఆ సంగతి ఆవిడది, నాది కాదు ఇవ్వడానికి."

అద్దాల గదిలో ఫోను పట్టుకున్నప్పుడు ఎలా విందో రితియెన్ అలాగే వింది, వాడు ఇంకేమీ మాట్లాడకపోయినా.

* * *

బుధవారం చెన్సు ఉత్తరాలు యోరాన్ ముందు పెట్టాడు. చదువుతూ యోరాన్ రెండుసార్లు నవ్వాడు, ఒకసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత లెక్కపెట్టాడు.

"ముప్పై ఒకటే ఉన్నాయి. తొమ్మిది ఖాళీ."

"ఆ తొమ్మిది మందీ ఊరికే మానేయలేదండి, తలుపేసుకున్నారు. ఇతన్ని చూడండి, రెండేళ్ళు రోజూ ఆడి ఒక పొద్దున ఖాతా తనే మూసేశాడు. ఈవిడ మాకు ఇంకేమీ పంపకండి అని రాసింది. ఎందుకో నాకు తెలియదు. తెలియకుండా నేను సందు వెతకను."

"ఇంకొకతను నలభైకీ రాశాడు."

"రాయగలడండి. నేను రాయలేను."

"ఈ తొమ్మిదీ రాస్తే ఉద్యోగం నీదే అంటే?"

చెన్సు ఆ తొమ్మిది కాగితాలూ ఇంకోసారి చూశాడు. ఏడో ఇంటర్వ్యూ. ఇంటి దగ్గర అమ్మ అప్పుడే చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టింది. "అయినా రాయలేనండి," అన్నాడు. బల్ల చివర రితియెన్ తలెత్తలేదు. ఆమె చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

శుక్రవారం పొద్దున యోరాన్ ఫోను చేశాడు. "ఉత్తరాలు నీవే బాగున్నాయి. ఆ తొమ్మిది గురించి కూడా ఆలోచించా, నువ్వన్నది నిజమే. నాకు నువ్వే కావాలి. కానీ ఒక చిక్కొచ్చింది. రితియెన్ సంతకం పెట్టనంది."

చెన్సు ఫోను జేబులో పడేసి స్లీమా బస్సెక్కాడు. సగం దారి నుంచి జేబులో ఫోను మోగుతూనే ఉంది. ఎత్తబుద్ధి కాలేదు.

ఆమె లంచ్‌కి బయటికొచ్చి సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఉంది. చెన్సు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆవిడ సంగతి నీకు చెప్పలేదనేనా?"

"కూర్చో."

"కూర్చోను. నువ్వు చెప్పావనే వెళ్ళి తలుపు కొట్టా. నువ్వు చెప్పావనే సంచి కూడా వదిలేశా. లేదు, అది నువ్వు చెప్పలేదు, నాకే అనిపించింది. అయినా నీలాగా వినడం నేర్చుకోవాలనుకున్నా రితియెన్. ఇంకెవరు పెట్టకపోయినా నువ్వు పెడతావనుకున్నా."

"యోరాన్ ఫోను ఎందుకెత్తట్లేదు?"

"ఎత్తి ఏం చెయ్యను?"

"సంతకం మా డైరెక్టరు పెట్టింది, అరగంట క్రితం. సోమవారం చేరాలి నువ్వు. అది చెప్పడానికే చేస్తున్నాడు పాపం."

చెన్సు కూర్చున్నాడు. అలలు రాళ్ళ మీద పడి వెనక్కి పోతున్నాయి. ఉద్యోగం వచ్చింది. ఎగిరి గంతేయాలి. గంతు రాలేదు.

"మరి నువ్వెందుకు పెట్టలేదు?"

రితియెన్ బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. ఇస్తూ ఒకసారి, ఇచ్చాక ఒకసారి సముద్రం వైపు చూసింది. "సంతకం పెట్టే ముందు ఈ ఫారం నింపాలి. ప్రతి అభ్యర్థికీ. ఎప్పుడూ రెండు నిమిషాల్లో నింపేసేదాన్ని. గురువారమంతా దీని ముందే కూర్చున్నా."

ఆఫీసు ఫారం. పైన చెన్సు పేరు. కింద ఒక ప్రశ్న: ఈ అభ్యర్థితో మీకు వ్యక్తిగత సంబంధం ఏమైనా ఉందా? 'లేదు' అన్న గడిలో ఏదో పెట్టి, గట్టిగా కొట్టేసి ఉంది. 'ఉంది' అన్న గడిలో టిక్కు. దాని కింద 'వివరాలు' అని ఉన్నచోట ఆమె చేతిరాత, ఒకటే వాక్యం.

"అభ్యర్థికి ఇంకా తెలియదు."

చెన్సు చదివాడు. మళ్ళీ చదివాడు. తన పేరు పక్కన ఆ మూడు మాటలు ఎవరైనా రాస్తారని, అదీ ఈమె రాస్తుందని, కలలో కూడా అనుకోలేదు.

"ఇది... డైరెక్టరు చదివిందా?"

"చదివే కదా ఫైలు తను తీసుకుంది. 'అయితే వెళ్ళి చెప్పు, లంచ్ నలభై నిమిషాలే' అంది."

"ఇంకా ఎంతుంది?"

"పావుగంట. ఏమైనా అంటావా, నేను వెళ్ళనా?"

చెన్సు జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఆమె రాసినదాని కింద "తెలిసింది" అని రాసి, పూర్తి పేరుతో సంతకం పెట్టి, తేదీ వేసి ఆమె చేతికిచ్చాడు.

"ఇది ఆఫీసు కాగితం చెన్సూ, మళ్ళీ ఫైల్లో పెట్టాలి," అంది రితియెన్. అని, దాన్ని నాలుగు మడతలు పెట్టి తన బ్యాగులో దాచుకుంది.